543 పీఠములలో ఒక పీఠము

(చాంద్రాయణగుట్టలోని యొక పఠనమందిరమున జరిగిన సభలో చేసిన యుపన్యాసము)



ఈ సాయంకాలము మా కొప్పగింపబడిన విషయము "పార్లమెంటులో హైదరాబాదు సభ్యుడు". ఈ విషయమున మన పురమునందు రెండు తీర్పులు ముందుగానే సిద్ధమైయున్నవి. ఒక వాడలో నడిగినచో ఆయన సింహము. మఱియొక వాడలో నడిగినచో ఆయన చిచ్చు. మొదటి వాడవారు ఆయన యుపన్యాసమును సెల్‌ఫోనులో అరనిమిషము విని చప్పట్లు కొట్టుదురు. రెండవ వాడవారు ఆ యరనిమిషమునే విని పండ్లు కొఱుకుదురు. ఆ యరనిమిషమునకు ముందు ఏమి చర్చ జరిగినది, ఆయన కోరిన సవరణ యేమి, చివరకు ఓటు ఎటు వేసినాడు అని యడుగువారు ఇరువాడలలోను అరుదు. మేము న్యాయవాదులము. సాక్ష్యము చూడకుండ తీర్పు చెప్పుట మా వృత్తికి తగదు. పౌరధర్మమునకు అంతకంటెను తగదు. కావున ఈ సభలో మేము చేయబూనినది స్తోత్రమును గాదు, నిందయు గాదు. కాగితముల కట్టను విప్పి, ఉన్నదున్నట్లు మీ ముందుంచుటయే.

మొదట పీఠమును గూర్చి. చాంద్రాయణగుట్ట పాతపట్నమునకు దక్షిణపు వాకిలి. ఇచట కేశవగిరిపై చెన్నకేశవస్వామి కోవెల యున్నది; దానికి చేరువనే నిజాము కొలువున నుండిన అరబ్బు సైనికుల బారకులనుండి పేరుగొన్న బార్కసు ఉన్నది. ఈ రెంటి నడుమ బతుకు ప్రజ యొక్కటే. ఈ చాంద్రాయణగుట్టతో మలక్‌పేట, కార్వాన్, గోషామహల్, చార్మినార్, యాకుత్‌పురా, బహదూర్‌పురా కలిసి, 7 శాసనసభా నియోజకవర్గములు ఒక లోక్‌సభాపీఠము నేర్పరచుచున్నవి. లోక్‌సభలోని పీఠములు 543. అందు మన దొకటి.

ఆ పీఠముపై ఎవరెవరు కూర్చుండిరి? 1952లో అహమ్మద్ మొహియుద్దీన్‌గారు. 1957లో ఆర్యసమాజ నాయకులు వినాయకరావు కొరట్కర్‌గారు. 1962, 1967, 1971 ఎన్నికలలో స్వాతంత్ర్యసమరయోధులు, వైద్యులునగు మేల్కోటేగారు. 1977, 1980లలో కె. ఎస్. నారాయణగారు. 1984లో స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీగారు ఆ పీఠము నధిష్ఠించిరి. ఆ పిదప 1989, 1991, 1996, 1998, 1999 ఎన్నికలలోను వారే గెలిచిరి. 1996లో వారితో పోటీచేసి యోడినవారు, తరువాతి కాలమున ఉపరాష్ట్రపతియైన వెంకయ్యనాయుడుగారు. 2004నుండి ఆ పీఠము వారి కుమారుడు అసదుద్దీన్ ఒవైసీగారిది. 2009, 2014, 2019, 2024: వరుసగా ఐదు ఎన్నికలు ఆయనవే. అనగా 1984నుండి హైదరాబాదు పక్షమున పార్లమెంటులో మాటాడు హక్కు ఒక్క గృహముననే నిలిచియున్నది. మన చాంద్రాయణగుట్ట శాసనసభాస్థానము సైతము 1999నుండి ఆ గృహమునందలి రెండవ కుమారుడు అక్బరుద్దీన్‌గారిదే.

ఈ పట్టికలో మేల్కోటేగారి 1971వ సంవత్సరపు విజయమును ఒక్కసారి ఆగి చూడవలయును. ఆ యేడు ఆయన గెలిచినది తెలంగాణ ప్రజాసమితి పక్షమున. ఆ సమితి లోక్‌సభకు 10 మంది సభ్యులను పంపినది. పదిమంది! ఒక ప్రాంతపు గోడు వినిపించుటకు అది పెద్ద బలగమే. ఆ యేడు ముగియకముందే ఆ సమితి కాంగ్రెసులో లీనమైపోయినది. పెద్దపక్షమున చేరిన చిన్నపక్షమునకు చేయి దొరకును, నాలుక పోవును. వేఱుగా నిలిచిన చిన్నపక్షమునకు నాలుక మిగులును, చేయి యుండదు. ప్రాంతీయపక్షములన్నియు ఈ రెండు దారుల కూడలిలో నిలువవలసినవే. హైదరాబాదు పీఠము 1984నుండి రెండవ దారిని నడచుచున్నది. ఆ దారిలో ఒక్క సభ్యుడు ఏమి సాధింపగలడు, ఏమి సాధింపలేడు అనునదే నేటి మా ప్రశ్న.

అసదుద్దీన్‌గారు 1969 మే 13న జన్మించిరి. నిజాం కళాశాలలో చదివి, లండనులోని లింకన్స్ ఇన్‌లో బారిష్టరైరి. 1994లో చార్మినార్‌నుండి శాసనసభకు, పదేండ్ల పిమ్మట లోక్‌సభకు ఎన్నికైరి. వారి పక్షమగు మజ్లిస్‌ను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. 1927లో పుట్టిన ఆ సంస్థ, కాసిం రజ్వీ నాయకత్వమున రజాకారుల దినములలో ఈ సంస్థానప్రజలకు కలిగించిన గాయమును చరిత్ర దాచదు, మేమును దాచము. 1948 సెప్టెంబరులో ఆ యధ్యాయము ముగిసినది. రజ్వీ 1957లో చెఱనుండి విడుదలయై పాకిస్తానునకు వెడలిపోగా, న్యాయవాదియగు అబ్దుల్ వాహెద్ ఒవైసీగారు దానిని భారతరాజ్యాంగమునకు లోబడిన పక్షముగా తిరిగి నిలిపిరి. వారి మనుమడే నేటి సభ్యుడు. 1969లో పుట్టినవానిపై 1948 నాటి దావా వేయుట ఏ న్యాయస్థానమునను చెల్లదు. ఆయనను విచారింపవలసినది ఆయన మాటలకును, ఆయన ఓట్లకును.

ఇక సభలోనికి పోవుదము. లోక్‌సభలో చర్చకు కాలము పక్షముల బలమునుబట్టి పంపిణీ యగును. మూడువందల సభ్యులున్న పక్షమునకు గంటలు. ఒక్క సభ్యుడున్న పక్షమునకు నిమిషములు. ఆ నిమిషములు ముగియుటతోడనే అధ్యక్షపీఠమునుండి గంట మ్రోగును. ప్రశ్నోత్తరసమయమున దినమునకు నోటిమాటగా సమాధానము కోరు ప్రశ్నలు 20, వ్రాతమూలముగా సమాధానము కోరునవి 230. ఎవరి ప్రశ్న ముందు వచ్చునో చీట్లు తీసి నిర్ణయింతురు. తనంత తానుగా బిల్లు తెచ్చి చట్టము చేయింతునన్న ఆశయు దాదాపు లేదు. స్వాతంత్ర్యము వచ్చినప్పటినుండి మంత్రులు కాని సభ్యులు తెచ్చిన బిల్లులలో చట్టములైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. ఇదంతయు చూచినచో ఏకాకి సభ్యునికి అచట చోటే లేదనిపించును.

కాని అతనికి మూడు బలములు కలవు. మొదటిది రాజ్యాంగపు 105వ అధికరణము. సభలో పలికిన మాటకును, వేసిన ఓటుకును ఏ సభ్యునిపైనను ఏ న్యాయస్థానమునను వ్యాజ్యము తేరాదు. రెండవది కొంత చిత్రమైనది. 1985లో రాజ్యాంగమునకు పదవ షెడ్యూలు చేర్చినప్పటినుండి పక్షపు విప్‌ను ధిక్కరించి ఓటువేసిన సభ్యుడు పదవి గోల్పోవచ్చును. అందుచే మూడువందలమందిలో నొకడైనవాడు మనస్సున నొకటి తలచియు మఱియొకటి నొక్కవలసివచ్చును. ఏకాకి సభ్యునికి ఆ నిర్బంధము లేదు. అతని పక్షమతడే, విప్ అతడే. పెద్దపక్షములవారు కోల్పోయిన స్వాతంత్ర్యము చిన్నపక్షమువానికి చిన్నతనముచేతనే దక్కినది.

మూడవది అన్నిటికంటె ముఖ్యము, అన్నిటికంటె తక్కువమందికి తెలిసినది. సభలో సాధారణపు బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గును. "అనుకూలురు ఔననుడు, ప్రతికూలురు కాదనుడు" అని అధ్యక్షు లడుగుదురు. ఏ కేక పెద్దదో దానిదే గెలుపు. ఎవ డేమన్నాడో ఎచటను నమోదు కాదు. కాని ఒక్క సభ్యుడు లేచి "విభజన కావలెను" అని పట్టుపట్టినచో, ఓట్లు లెక్కింపవలసివచ్చును. అది అనవసరమని తోచినచో అధ్యక్షులు సభ్యులను లేచి నిలువుమని తలలు లెక్కింపవచ్చును. లేనిచో యంత్రముమీద ఓటింగు జరుగును. అప్పుడు ప్రతి సభ్యుని పేరు, ప్రతి సభ్యుని ఓటు సభావృత్తాంతమున శాశ్వతముగా నిలుచును. కేక గాలిలో కలియును. పేరు కాగితమున నుండును. రాజ్యాంగసవరణల కైతే ఈ లెక్క యెల్లప్పుడును తప్పనిసరి.

అసదుద్దీన్‌గారి పార్లమెంటు జీవితమును ఈ కిటికీనుండి చూచిన, కొన్ని యంకెలు మన కంటబడును. 2017 డిసెంబరు 28న ముమ్మారు తలాకు బిల్లుపై ఆయన తెచ్చిన యొక సవరణకు అనుకూలముగా వచ్చినవి 2 ఓట్లు, ప్రతికూలముగా 241. 2019 జనవరి 8న ఆర్థికముగా వెనుకబడిన అగ్రవర్ణములకు నూటికి 10 పాళ్ల రిజర్వేషన్ల బిల్లునకు అనుకూలము 323, ప్రతికూలము 3. ఆ మువ్వురిలో ఈయన యొకరు, తక్కిన యిద్దరు ముస్లింలీగువారు. అదే యేడు జులై 15న జాతీయ దర్యాప్తుసంస్థ సవరణబిల్లునకు 278కి 6. జులై 24న, ఒక వ్యక్తిని సైతము ఉగ్రవాదియని ప్రకటించు నధికారము ప్రభుత్వమునకిచ్చిన యుఎపిఎ సవరణకు 287కు 8. 2023 సెప్టెంబరు 20న చట్టసభలలో మహిళలకు మూడింట నొకవంతు స్థానములిచ్చు బిల్లునకు 454కు 2. ఆ యిద్దరు ఈయనయు, ఈయన పక్షమువారే యగు ఔరంగాబాదు సభ్యులును.

ఇవన్నియు ఓటములే. ఒక్క బిల్లుకూడ ఆ సభలో ఆగలేదు. మఱి ప్రయోజనమేమని మీరడుగవచ్చును. 2019 జులై 15 నాటి సంగతి చెప్పెదము. ఆనాడు విభజన కోరినది అసదుద్దీన్‌గారు. హోంమంత్రియు విభజన జరుగవలసినదే యనియు, ఉగ్రవాదమున కెవరు అనుకూలురో, ఎవరు ప్రతికూలురో దేశము తెలిసికొనవలయుననియు అనిరి. ఇద్దరును విభజననే కోరిరి. కాని యిద్దరి కోరికకు అర్థము వేఱు. మంత్రిగారి భావమున ఆ 6 ఓట్లు ఉగ్రవాదమువైపు పడినవి. సభ్యుని భావమున అవి యొక చట్టపు వాక్యములకు ప్రతికూలముగా పడినవి. జాతీయవాదులమైన మేము ఈ విషయమున సందేహమునకు తావీయము. బిల్లును కాదనుట దేశమును కాదనుట గాదు. రౌలట్ బిల్లును 1919లో కాదన్న మన పెద్దలను నాటి ప్రభుత్వము అరాజకమునకు తోడ్పడువారనియే నిందించినది. పోలీసుల కెక్కువ యధికారమిచ్చు ప్రతి చట్టమునకును "దీనిని దుర్వినియోగపరచినచో దిక్కెవరు?" అని యడుగువా డొకడు సభలో నుండవలయును. ఆ యడుగుటయే అతని ఉద్యోగము. అందుకే ప్రజలు జీతమిచ్చుచున్నారు.

ఓడిన మాట ఒక్కొక్కప్పుడు ఎట్లు తిరిగివచ్చునో మన అనుభవముననే యున్నది. మేము తెలంగాణోద్యమమున స్వయంసేవకులముగా తిరిగినవారము. 2014 ఫిబ్రవరి 18న, ప్రత్యక్షప్రసారము నిలిచిపోయిన ఆ సభలో, ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు నెగ్గినప్పుడు మేమానందించితిమి. ఆనాడు అసదుద్దీన్‌గారు దానిని వ్యతిరేకించిరి, సవరణలు తెచ్చిరి, అవి వీగిపోయినవి. హైదరాబాదు శాంతిభద్రతల విషయమున గవర్నరునకు ప్రత్యేకబాధ్యత నిచ్చు 8వ సెక్షను వారి పక్షము మొదటినుండియు గర్హించినది. రాష్ట్రము కావలెనన్న మాకు ఆనాడు ఆ యాక్షేపణ అడ్డుపుల్లగా తోచినది. ఆ యేడు జూన్ 2న రాష్ట్రము వచ్చినది. ఆగస్టులో, ఆ 8వ సెక్షను ననుసరించి గవర్నరు అధికారములను గూర్చి కేంద్రము లేఖ పంపగా, తీవ్రముగా అభ్యంతరపెట్టినది ఎవరు? నూతన తెలంగాణ ప్రభుత్వమే! ఫిబ్రవరిలో అల్పసంఖ్యాకుని ఆక్షేపణగా నున్నది ఆగస్టునాటికి రాష్ట్రమంతటి ఆక్షేపణ యైనది. రాష్ట్రనిర్మాణ విషయమున మేము ఆయనతో నేటికిని ఏకీభవింపము. కాని ప్రతిపక్షి చెప్పిన మాటను పక్షమునుబట్టి గాక బరువునుబట్టి తూచవలయునని ఆ యాఱు మాసములు చాటిచెప్పినవి.

సభలో నిలిచిన మాట న్యాయస్థానమునకు త్రోవ చూపుటయు గలదు. వక్ఫ్ సవరణబిల్లు విషయమున ఆయన సంయుక్త పార్లమెంటరీ సంఘములో సభ్యులుగా నుండి అసమ్మతిపత్రము వ్రాసిరి. 2025 ఏప్రిల్ 2న మొదలైన చర్చ అర్ధరాత్రము దాటి, 3వ తేది తెల్లవారక మునుపే 288కి 232 ఓట్లతో ముగిసినది. బిల్లు నెగ్గినది. ఆయన సుప్రీంకోర్టున పిటిషను వేసిరి, ఇతరులును వేసిరి. 2025 సెప్టెంబరు 15న ఆ న్యాయస్థానము చట్టమునంతటిని ఆపలేదు గాని, వక్ఫ్ చేయువాడు ఐదేండ్లు ఇస్లామును ఆచరించినవాడై యుండవలయునను నిబంధన మొదలగు కొన్నిటిని తాత్కాలికముగా నిలిపినది. ఆ చట్టము మంచిదా చెడ్డదా అని మేమిచట తీర్పు చెప్పబోము. అది న్యాయస్థానపు పని. మేము చూపదలచినది మార్గమును. సంఘమున అసమ్మతి, సభలో ఓటు, ఆ పిమ్మట కోర్టున పిటిషను. వీధిలో రాయి విసరుటకు బదులు ఈ మూడు మెట్లెక్కుట మన యువకులకు నేర్పవలసిన విద్య.

ఒక్క ఓటు ఎల్లప్పుడును నిష్ఫలమని యెంచరాదు. 1999 ఏప్రిల్ 17న వాజపేయిగారి ప్రభుత్వము 269కి 270, ఒక్క ఓటుతో పడిపోయినది. 2008 జులై 22న, అణుఒప్పందము కారణముగా వామపక్షములు వైదొలగినపుడు, మన్మోహన్‌సింగ్‌గారి ప్రభుత్వము 275కి 256 ఓట్లతో నిలిచినది. ఆ 275లో హైదరాబాదు ఓటు కలదు. 2012 నవంబరులో ఆ మద్దతునే ఆయన పక్షము ఉపసంహరించినది. పెద్దపక్షములు సమముగా తూగునపుడు చిన్నపక్షపు గురిగింజ త్రాసును మొగ్గజేయును. అట్టి దినము పదేండ్ల కొకమారు రావచ్చును. ఆ దినమునకై సిద్ధముగా నుండుట ఏకాకి సభ్యుని ధర్మము.

ఇప్పుడు రెండవ పక్షమును విందము. దస్త్రము విప్పుదుమన్నవారము సగము చదివి మూయరాదు.

2019 డిసెంబరు 9న పౌరసత్వ సవరణబిల్లు చర్చలో ఆయన బిల్లు ప్రతిని చించిరి. ఆ బిల్లు 311కి 80తో నెగ్గినది. 2025లో వక్ఫ్ బిల్లు ప్రతినిగూడ చించిరి. రెండుమారులును గాంధీజీ దక్షిణాఫ్రికాలో చేసినదే తాను చేయుచున్నానని చెప్పిరి. ఈ పోలికను మేమంగీకరింపజాలము. 1908 ఆగస్టు 16న జోహన్నెస్‌బర్గు హమీదియా మసీదు వాకిట వేలకొలది భారతీయుల ధ్రువపత్రములు అగ్నికి ఆహుతియైనమాట నిజము. కాని ఆ దగ్ధము చేసినవారికి నాటి శాసనసభలో పీఠము లేదు, ఓటు లేదు, ప్రశ్నించు హక్కు లేదు. ముందుగా ప్రభుత్వమునకు గడువిచ్చిరి; పిమ్మట దహించిరి; ఆ పిమ్మట చెఱసాలల కేగిరి. దహనమునకు వెల వారు చెల్లించిరి. పీఠము, ఓటు, 105వ అధికరణపు రక్షణ మూడును గలవాడు కాగితమును చించుటకు వెల యేమి? మఱునాటి పత్రికలలో ఆ చినిగిన కాగితపు చిత్రము వచ్చును. ఆ కాగితముపై ఆయన చేసిన వాదము రాదు. బారిష్టరు వాదమును బారిష్టరు చేయియే మఱుగుపరచిన దన్నమాట. వారి వాదము బలమైన దగుటచేతనే ఈ మాట అనుచున్నాము. బలములేని వాదమునకు చించుటయే గతి.

మహిళాబిల్లు విషయమును అట్లే తూచవలయును. వెనుకబడిన తరగతుల స్త్రీలకును ముస్లింస్త్రీలకును అందు వేఱుగా వంతు లేదనుట ఆయన యాక్షేపణ. అది పరిశీలింపదగిన యాక్షేపణయే. వంతు లేదని 106వ రాజ్యాంగసవరణను కాదన్న పక్షము, వంతుకై యెదురుచూడక తన చేతిలోనున్న స్థానములందే ఆ స్త్రీలను నిలుపవచ్చును గదా? పాతపట్నపు శాసనసభాస్థానములలో ఆ పక్షపు టిక్కెట్టుపై ఎందరు స్త్రీలు నిలిచిరో మీరే లెక్కించుకొనుడు. సభలో అడిగినదానిని ఇంట ఆచరించి చూపినచో ఆ 2 ఓట్ల బరువు 200 ఓట్ల బరువగును.

మఱియొక విషయము. హైదరాబాదు పీఠము ఒక మతస్థుల పీఠము కాదు. ఆయనను ముస్లింల నాయకుడనుట ఆయన మిత్రులకు గర్వము, శత్రువులకు ఆయుధము. కాని ఆయన వేసిన ఓటు కేశవగిరి క్రింది ఇంటికిని, బార్కసు ఇంటికిని సమముగా చెందినది. 2025లో, ఏప్రిల్ 22న పహల్గామున 26 మందిని ఉగ్రవాదులు బలిగొన్న పిమ్మట, మే నెలలో ఆపరేషన్ సిందూర్ జరిగిన మీదట, భారతప్రభుత్వము అఖిలపక్ష ప్రతినిధివర్గములను విదేశములకు పంపెను. బైజయంత్ పాండాగారి నాయకత్వమున సౌదీ అరేబియా, కువైట్, బహ్రెయిన్, అల్జీరియాలకు పోయిన వర్గమున అసదుద్దీన్‌గారొకరు. ఏ ప్రభుత్వపు బిల్లులను ఇంట ఎదిరించెనో ఆ ప్రభుత్వము పక్షముననే పరదేశమున దేశముకొఱకు వాదించెను. ఇది వైరుధ్యమని కొందరు నవ్విరి. మాకు ఇందు వైరుధ్యము కనబడలేదు. ప్రభుత్వము వేఱు, దేశము వేఱు. ప్రభుత్వమును ఎదిరించినవాడే దేశమునకు నిలిచినపుడు ఆ మాటకు పరులవద్ద విలువ హెచ్చును. ఇంటను ఆయన ఆ సర్వజనప్రతినిధిత్వమునే నిత్యము చూపవలయునని కోరు హక్కు మనకు గలదు. ముస్లిము బాలుని చదువునకు ఎంత బిగ్గరగా వాదింతురో, కార్వాన్‌లోని హిందూ కూలివాని కూలికిని అంత బిగ్గరగా వాదించినపుడు, ఆ గొంతు హైదరాబాదు గొంతగును.

ఇంతవరకు సభ్యుని విచారించితిమి. ఇక ఆయనను పంపిన మనలను విచారింతుము. మన పౌరులు పార్లమెంటు సభ్యునివద్దకు పోయి మురుగుకాలువను గూర్చి మొఱపెట్టుదురు, రేషను కార్డును గూర్చి మొఱపెట్టుదురు. మురుగుకాలువ నగరపాలకసంస్థది, రేషను కార్డు రాష్ట్రప్రభుత్వముది. స్థానికాభివృద్ధికై సభ్యుడు సూచింపగల నిధి, 1993లో మొదలైన పథకము క్రింద, 2011-12నుండి ఏటికి 5 కోట్ల రూపాయలు. ఏడు శాసనసభా నియోజకవర్గములకు దానిని పంచినచో ఎంత వచ్చునో చిన్నపిల్లవాడైనను లెక్కగట్టగలడు. పాతపట్నమునకు మెట్రో రైలు రావలయునన్న దశాబ్దపు కోరికకు 2024 మార్చి 8న శంకుస్థాపన చేసినది రాష్ట్రముఖ్యమంత్రి. దానికి కేంద్రపు అనుమతులు, ధనసహాయము రాబట్టుట మాత్రము పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టవలసిన పని. ఎవరి పని ఏదో తెలియనిచో మనము కార్పొరేటరును అడుగవలసినది ఢిల్లీ సభ్యుని నడుగుదుము. ఢిల్లీ సభ్యుని అడుగవలసినది ఎవ్వరి నడుగము. అట్టి ప్రజకు జవాబు చెప్పవలసిన భయము ఏ నాయకునికిని ఉండదు.

అన్నిటికంటె సిగ్గు గొలుపు అంకె యొకటి కలదు. 2019 లోక్‌సభ ఎన్నికలలో హైదరాబాదు నియోజకవర్గమున ఓటు వేసినవారు నూటికి 44.84. 2024 మే 13న నూటికి 48.48. నూటికి యాబదిమందికి పైగా ఇంటనే యుండిరి! ఆ యెన్నికలో అసదుద్దీన్‌గారు 3,38,087 ఓట్ల యాధిక్యముతో గెలిచిరి. ఆయనను మెచ్చినవారు, మెచ్చనివారు ఇద్దరును కలిసినను సగము కాలేదు. ఇంట కూర్చుండినవాడు ఆయనను సింహమనుటకును అర్హుడు కాడు, చిచ్చనుటకును అర్హుడు కాడు. ఓటువేయక తిట్టువాడు ఫీజు కట్టక కోర్టును నిందించు కక్షిదారువంటివాడు. 1952కు పూర్వము ఈ సంస్థానప్రజలకు ఢిల్లీకి ప్రతినిధిని ఎన్నుకొను హక్కే లేదు. ఆ హక్కునకై చెఱసాలల కేగినవారి యెముకలు ఈ మట్టిలోనే యున్నవి. దానిని సెలవుదినముగా వాడుకొనుట కృతఘ్నత.

ఒకే గృహమున నలువది యేండ్లు పీఠము నిలుచుట మంచిదా యని కొందరు మమ్మడుగుదురు. ప్రజలిచ్చినంతకాలము అది న్యాయసమ్మతమే. కాని పోటీ లేని పీఠము మడుగువంటిది. ఎదుట నిలుచువాడు సమర్థుడు కానిచో ఉన్నవాని సామర్థ్యమునకు పదును తగ్గును. ప్రత్యర్థిపక్షములు హైదరాబాదున అభ్యర్థిని వెదకునపుడు మతావేశము రేపగలవానిని గాక, పార్లమెంటు వ్యవహారము తెలిసినవానిని, రాజ్యాంగము చదివినవానిని వెదకవలయును. అప్పుడు పురమునకు ఎవరు గెలిచినను నష్టముండదు.

కాబట్టి మా విన్నపములు మూడు. మొదటిది: లోక్‌సభ చర్చలు, ప్రశ్నోత్తరములు, విభజనలలో పడిన ఓట్లు అన్నియు లోక్‌సభవారే అంతర్జాలమున వెలకట్టక ప్రకటించుచున్నారు. ఈ పఠనమందిరమువారు సమావేశములు జరుగు దినములలో హైదరాబాదు సభ్యుని ప్రశ్నలను, ఓట్లను అచ్చుతీసి, తెలుగున నొకటి, ఉర్దూలో నొకటి గోడకు అంటింపవలయును. చదువురానివారికి చదివి వినిపింపవలయును. రెండవది: ఏటికొకమారు సభ్యుని ఇచటికే ఆహ్వానించి, ఆ కాగితములను ముందుంచుకొని ప్రశ్నింపవలయును; హారములు వద్దు, నినాదములు వద్దు. రానిచో రాలేదని గోడపై వ్రాయవలయును. మూడవది: వచ్చు ఎన్నికలో ఈ వీథులలో నూటికి డెబ్బదిమందియైనను ఓటు వేయునట్లు యువకులు ఇల్లిల్లు తిరుగవలయును. ఎవరికి వేయవలయునో చెప్పరాదు. వేయుమని మాత్రమే చెప్పవలయును.

సోదరులారా! 454 మంది ఔనన్నచోట కాదనుటకు నిలిచిన ఇద్దరిలో ఒకడు మన పురమువాడు. అతడన్నది ఒప్పో తప్పో మీరు చర్చింపుడు. కాని ఆ సభలో "కాదు" అను మాటకు చోటుండుట మాత్రము మన స్వాతంత్ర్యమునకు గుర్తు. ఆ మాటను అనువాడు దానిని వివేకముతో ననునట్లు, అనినదానికి జవాబుదారియై యుండునట్లు చూచుట ఢిల్లీలోని అధ్యక్షుల పని కాదు. చాంద్రాయణగుట్టలోని మన పని. రేపు ఉదయముననే ఆ మొదటి కాగితము ఈ గోడపై కనబడునని ఆశించుచున్నాము.